హైవే మీదే వేడెక్కే బండి: మూడేళ్లలో కొన్న పరికరాల్లో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

అడవి దారుల్లో నా బండి ఎప్పుడూ వేడెక్కలేదు. బురదలో, తక్కువ గేరులో, గంటకు పది కిలోమీటర్ల వేగంతో మధ్యాహ్నమంతా నడిపినా ఇంజను వేడి చూపే మీటరు ముల్లు మధ్య గీత దాటేది కాదు. అదే బండి నున్నటి హైవే ఎక్కి ఇరవై ఐదు నిమిషాలు నిలకడగా పరుగెత్తితే చాలు, ముల్లు ఎర్ర గీత వైపు బయలుదేరేది. కాసేపటికి ఏసీ దానంతట అదే ఆగిపోయేది. కష్టపెడితే చల్లగా, సుఖపెడితే వేడిగా ఉండే ఈ ఇంజను పోకడ అర్థం చేసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ తర్వాత రెండేళ్లు నిశ్చింతగా తిరిగాను. ఈ మూడేళ్లలో, అరవై వేల కిలోమీటర్లలో, ఈ ఒక్క జబ్బు కోసం కొన్న వస్తువులు ఎలా పనిచేశాయో, ఎంతకాలం నిలిచాయో రాస్తున్నాను.

ముందు బండి సంగతి. ఛాసిస్ మీద బాడీ కూర్చున్న పాత తరహా డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. రెండు అంగుళాలు పైకి ఎత్తించాను. 30 అంగుళాల టైర్లు తీసేసి 33 అంగుళాలవి వేయించాను. ముందు ఇనుప బంపరు, దాని మీద వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), గ్రిల్లుకు అడ్డంగా పొడవాటి లైటు పట్టీ, పైన సామాను క్యారియర్. ఇంజను వేడి బయటికి పోవాలని బానెట్ వెనుక కీళ్ల కింద వాషర్లు పెట్టి 12 మిల్లీమీటర్లు లేపాను. ఈ చివరి పని చేసినప్పుడు ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మొదట కొన్నది అల్యూమినియం రేడియేటరు. బండి వేడెక్కితే పెద్ద రేడియేటరు వేయమని ఎవరైనా చెబుతారు. నేనూ ఏమీ కొలవకుండానే కొన్నాను. దాంతోపాటు కొత్త థర్మోస్టాటు (ఇంజను వేడెక్కేకొద్దీ తెరుచుకుని నీటిని రేడియేటరులోకి వదిలే కవాటం), కొత్త కూలెంటు (ఇంజనును చల్లార్చే ద్రవం), ఎక్కువ పీడనం తట్టుకుంటుందని చెప్పిన కొత్త రేడియేటరు మూత. అన్నీ బిగించి హైవే ఎక్కితే ముల్లు ఇరవై ఐదో నిమిషంలో కాకుండా ముప్పయ్యో నిమిషంలో లేచింది. తర్వాత కొలతలు తీయడం నేర్చుకున్నాక పాత రేడియేటరును మళ్లీ బిగించి చూశాను. రెండింటికీ తేడా సుమారు రెండు డిగ్రీలు. రేడియేటరు ఎంత మందంగా ఉన్నా దాని గుండా గాలి పోకపోతే వేడి నీళ్లు నింపిన డబ్బా మాత్రమే. పైగా మందం పెరిగేకొద్దీ గాలి దూరడం ఇంకా కష్టం. ఏడాదిన్నరకు కింది బ్రాకెట్టు దగ్గర వెల్డింగు చీలి కారడం మొదలైంది. గుంతల దారుల్లో ఛాసిస్ మెలితిరిగినప్పుడల్లా ఆ ఒత్తిడి అతుకు మీదే పడుతుంది. రబ్బరు బుష్షులు లేకుండా గట్టిగా బిగించిన తప్పు నాదే. వెల్డింగు చేయించి, బుష్షులు వేసి మళ్లీ వాడుతున్నాను. ఈ జబ్బు కోసమే అయితే మాత్రం ఇంకోసారి కొనను.

ఈ డబ్బంతా దండగయ్యాక, పాత బండ్లు బాగుచేసే ఒక పెద్ద మెకానిక్ ఒక్క మాట అన్నాడు: "ఆగినప్పుడు వేడెక్కితే ఫ్యాను చూడండి సార్. పరుగులో వేడెక్కితే ఫ్యానును వదిలేసి మిగతావన్నీ చూడండి." అందులో చాలా అర్థం ఉంది. గంటకు యాభై అరవై కిలోమీటర్లు దాటాక రేడియేటరులోకి గాలిని తోసేది బండి వేగమే తప్ప ఫ్యాను కాదు. ఆ వేగంలో ఇంజను మోసే బరువు కూడా వేరు. గాలిని చీల్చుకుంటూ పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనం (క్యూబు) లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 105కి వెళితే ఆ ఒక్క ఖర్చే రెండింతలు దాటుతుంది. ఎత్తు పెంచి, పైన క్యారియర్ పెట్టిన బండికి ఇక చెప్పేదేముంది.

రెండో కొనుగోలు ఓబీడీ అడాప్టర్. స్టీరింగు కింద ఉండే సాకెట్టులో గుచ్చితే బ్లూటూత్ ద్వారా ఫోనులో ఇంజను అంకెలన్నీ కనిపిస్తాయి. ఈ సమీక్షలో ఒక్క వస్తువునే కొనమని చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను. నా బండిలో మీటరు ముల్లు 78 డిగ్రీల నుంచి 104 వరకు మధ్యలోనే కూర్చుంటుందని నాకు తెలిసింది దీనివల్లే. డ్రైవరు కంగారు పడకూడదని చాలా బండ్లలో ముల్లును కావాలనే అలా మొద్దుబారుస్తారు. ముల్లు లేవడం చూసి వేడెక్కడం మొదలైందని నేను అనుకునేవాడిని. నిజానికి అప్పటికి పావుగంట నుంచి ఎక్కుతూనే ఉంది.

అది బయటపెట్టిన ఇంకో నిజం వేగం. టైర్లు పది శాతం పెద్దవి కాబట్టి మీటరు 95 చూపిస్తున్నప్పుడు ఫోనులోని జీపీఎస్ 105 చూపించింది. నెమ్మదిగానే పోతున్నానన్న నా వాదన అక్కడితో ముగిసింది.

ఒకే రోడ్డు ముక్క, ఒకే సమయం, బయట ఎండ 34 డిగ్రీలున్న రోజులు మాత్రమే ఎంచుకుని అంకెలు రాసుకున్నాను. అసలు వేగం 80 ఉంటే కూలెంటు 91 దగ్గర నిలబడేది. 95కి వెళితే 98. 105 దగ్గర అసలు నిలిచేదే కాదు. 107 దాటి ఇంకా ఎక్కుతుంటే నేనే భయపడి యాక్సిలరేటర్ వదిలేసేవాడిని. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంటు మామూలు పీడనంలో దాదాపు 107 డిగ్రీలకే మరుగుతుంది. మూత అదనంగా ఒక బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) పీడనం నిలబెడితే ఆ హద్దు 129 వరకు పోతుంది. అంటే 107 దాటాక ఇంజను ప్రాణం ఆ చిన్న మూత చేతిలో ఉన్నట్టే.

మూత మీద అనుమానం వచ్చి కొన్నదే చేతిపంపు ఉండే ప్రెషర్ టెస్టరు. ఎక్కువ పీడనం తట్టుకుంటుందని కొన్న కొత్త మూత సగం బార్ దగ్గరే వదిలేసింది. పెట్టెలో పడేసిన పాత మూత మాత్రం రాసి ఉన్నంత పీడనాన్ని నిక్కచ్చిగా పట్టి ఉంచింది. పాతదే మళ్లీ పెట్టాను. వేడి తగ్గలేదు గానీ కూలెంటు పొంగి బయటికి పోవడం ఆగింది. టెస్టరు మూడేళ్లుగా చక్కగా ఉంది. ఒకసారి దాని రబ్బరు వాషరు మాత్రం మార్చాను.

ఇంకో మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పొగ కూలెంటులోకి రాకుండా ఇంజను రెండు భాగాల మధ్య ఉండే సీలు) పోయిందని తేల్చి ఇంజను విప్పుదామన్నాడు. విప్పే ముందు నీలం ద్రవంతో చేసే పరీక్ష చేయించాను. రేడియేటరు నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. సిలిండరు పొగ కూలెంటులోకి వస్తుంటే రంగు మారుతుంది. పది నిమిషాలు చూసినా నీలం నీలంగానే ఉంది. ఇంజను విప్పే ఖర్చు మిగిలింది. గ్యాస్కెట్ అనుమానం ఉన్నవాళ్లు ముందు ఈ పని చేయండి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తుపాకీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే చాలా తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలిస్తే పర్వాలేదు. అయినా నా జబ్బు వంద వేగంలో వచ్చేది. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తేసరికి అంకెలు మారిపోయేవి. ఇప్పుడది ఇంట్లో పెనం వేడి చూడటానికి పనికొస్తోంది.

అసలు రోగం తేల్చింది రెండు తీగల థర్మామీటరు. ఒక తీగ కొసను రేడియేటరు పై పైపుకు, రెండోదాన్ని కింది పైపుకు కట్టాను. రెండు చోట్లా పైపు దూరే లోహపు మెడ మీద కొసను ఆనించి, పైన ఫోము ముక్క చుట్టి, జిప్ టైతో బిగించాను. ఫోము లేకపోతే ఎదురుగాలి తగిలి తప్పు చూపిస్తుంది. తీగలను డ్యాష్‌బోర్డు కింది రబ్బరు రంధ్రం గుండా లోపలికి లాగి మీటరును పక్క సీటు మీద పెట్టుకున్నాను.

అంకెలను చదివేటప్పుడు నేను చేసిన పొరపాటు చెప్పాలి. 80 వేగంలో పైన 90, కింద 72 వచ్చింది. 105 వేగంలో పైన 107, కింద 100. పద్దెనిమిది డిగ్రీలు చల్లార్చిన రేడియేటరు ఇప్పుడు ఏడే చల్లారుస్తోందని, లోపల ఏదో పూడుకుపోయిందని అనుకున్నాను. అది తప్పు. 80లో థర్మోస్టాటు సగమే తెరుచుకుని ఉంటుంది, రేడియేటరులోకి కొంచెం నీరే వస్తుంది కాబట్టి అది బాగా చల్లారి బయటపడుతుంది. పోల్చాల్సింది థర్మోస్టాటు పూర్తిగా తెరుచుకున్నప్పటి అంకెలనే. అప్పుడు ఇంజను మండిపోతూ, పైకీ కిందికీ తేడా ఎక్కువగా ఉంటే నీరు సరిగా తిరగడం లేదని అర్థం. పంపు అరిగిందనో, గొట్టాలు పూడాయనో, పంపు పీల్పుకు కింది హోస్ పైపు లోపలికి నొక్కుకుపోతోందనో చూడాలి. తేడా తక్కువగా ఉండి రెండూ మండుతుంటే నీరు బాగానే తిరుగుతోంది, దాని వేడిని తీసుకుపోయే గాలే లేదు. నాది ఈ రెండో రకం.

వంద కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకుపోతున్న బండికి గాలి లేకపోవడమేమిటి? అక్కడ ఊలు దారం సాయపడింది. వేలెడు పొడవున్న ఎర్ర ఊలు ముక్కలు పది తీసుకుని బానెట్ వెనుక సందు పొడవునా టేపుతో అంటించాను. ముందు అద్దం లోపలి నుంచి ఫోనుతో వీడియో తీయించాను. నలభై వేగంలో ముక్కలన్నీ వేడి గాలికి బయటికి ఊగుతూ అద్దం వైపు వాలాయి. డెబ్బై దగ్గర తడబడ్డాయి. తొంభై దాటేసరికి ఒక్కొక్కటే వెనక్కి తిరిగి సందులోకి దూరిపోయాయి, వీడియోలో చివరకు టేపు ముక్కలు తప్ప దారం కనపడలేదు. హైవే వేగంలో అద్దం మొదట్లో గాలి గుమిగూడి పీడనం పెరుగుతుంది. నేను తెరిచిపెట్టిన సందు గుండా ఆ గాలి ఇంజను గదిలోకి చొరబడుతోంది. రేడియేటరు గుండా లోపలికి రావలసిన గాలికి వెనుక నుంచి అది అడ్డుపడుతోంది. అడవిలో మేలు చేసిన వాషర్లే రోడ్డు మీద కీడు చేశాయి.

వాషర్లు తీసేశాను. అదే రోడ్డు, అదే 105 వేగం: ఈసారి కూలెంటు 104 దగ్గర ఆగింది. ఆగడమే పెద్ద విషయం.

రెండో దోషి కింద దొరికింది. అసలు బంపరు కింద నేల వైపు వేలాడే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉండేది. అందానికో, రాళ్లు తగలకుండానో పెట్టారనుకుని ఇనుప బంపరు వేసేటప్పుడు పారేశాను. బండి కిందికి దూరే గాలిని అడ్డుకుని, ఇంజను కింద పీడనం తగ్గించి, రేడియేటరు గుండా గాలిని లాగేది ఆ పట్టీయే. మందమైన రబ్బరు షీటును అదే వెడల్పున కోసి నాలుగు బోల్టులతో బిగించాను. రాయి తగిలితే వంగుతుంది, గట్టి దారిలో విప్పేయవచ్చు. అది పెట్టాక 99కి దిగింది. అప్పటి నుంచి రెండు షీట్లు చిరిగాయి, మూడోది నడుస్తోంది.

మిగిలింది చిల్లర పని. రేడియేటరు పక్కల నుంచి గాలి తప్పించుకుపోకుండా సందులన్నీ ఫోము పట్టీలతో మూశాను, లైటు పట్టీని గ్రిల్లు ముందు నుంచి క్యారియర్ మీదికి మార్చాను. రెండూ కలిపి మూడు డిగ్రీలు తగ్గించాయి. ఇప్పుడు 105లో పైన 96, కింద 89. తేడా అప్పుడూ ఏడే, ఇప్పుడూ ఏడే. ఇంజను వదిలే వేడి మారలేదు, పంపు తిప్పే నీరూ మారలేదు. గాలి పెరిగింది కాబట్టి మొత్తం అంకెలు కిందికి జరిగాయి. బయట 44 డిగ్రీల ఎండ ఉన్న రోజున మాత్రం ఇవి కూడా పదేసి పెరుగుతాయి. అప్పుడు నేను తొంభై దాటను.

ఓబీడీ అడాప్టర్ లోపాలు కూడా చెప్పాలి. మొదటిది ఎనిమిది నెలలకు కుదుపులకు వదులై మాట్లాడటం మానేసింది. రెండోదాన్ని చిన్న కేబులుతో పెట్టి డ్యాష్‌బోర్డు లోపల కట్టేశాను, అది ఇంకా పనిచేస్తోంది. పది రోజులు బండి తీయకపోతే బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి దానికి విడిగా స్విచ్ పెట్టించాను. 102 దగ్గర అలారం మోగేలా అమర్చుకున్నాను. ఒక జాగ్రత్త: కూలెంటు కారిపోయి సెన్సరు పొడిబారితే అది చూపే అంకె నమ్మదగినది కాదు. ఇంజను కాలిపోతున్నా తొంభై అని చూపించవచ్చు. అందుకే ట్యాంకులో మట్టం చూడటం మానలేదు, చల్లారాకే మూత తీస్తాను.

పోయిన వేసవిలో ఆ అలారం ఒకసారి మోగింది. బండి పక్కకు తీసి టార్చి వేసి చూస్తే, ముందు రోజు దాటిన గడ్డి మైదానంలోని గింజలు రేడియేటరు ముందుండే ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య కంబళిలా పేరుకుని ఉన్నాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇంజను వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొడితే రెండు దోసిళ్ల గింజలు రాలాయి. తిరుగు ప్రయాణంలో మళ్లీ 96.