మూడేళ్ల కోచింగ్: దేవరకొండ తండాల నుంచి ఒక సువార్తికుడి మాట

దేవరకొండలో కోచింగ్ అంటే కానిస్టేబుల్ పరీక్షకో, డీఎస్సీకో. నేను చేరింది మాలాంటి సువార్త సేవకుల కోసం నడిపే కోచింగ్‌లో. చేరుతున్నానంటే మా ఇంటామె, "ఈ వయసుల ఏం పరీక్ష రాస్తవయ్యా?" అని నవ్వింది. మూడేళ్లయింది. పదిహేను రోజులకోసారి గంటసేపు ఫోన్‌లో హైదరాబాద్ నుంచి ఒక అన్న, అంటే మా కోచ్, మాట్లాడతాడు. నెలకు వెయ్యి రూపాయలు.

మొదటి ఆరు నెలలు చిరాకే. సమస్య చెప్తే ప్రశ్న వేస్తాడు. జవాబు చెప్తే ఇంకో ప్రశ్న. యాడికి పోవాలె, ఇప్పుడు యాడున్నవ్, దారులేమున్నయ్, ఏం చేస్తవ్ అని నాలుగు మెట్లు. 1992లో జాన్ విట్‌మోర్ పుస్తకంతో కంపెనీల్లో పేరుపడ్డ పద్ధతి ఇది. దానికి బైబిల్ వాక్యం జోడించి మాకు నేర్పుతున్నారు. నిర్గమకాండం 18లోని మోషే మామ యిత్రోను చూపిస్తాడు మా అన్న. యిత్రో మాత్రం మోషేను ఒక్క మాట అడిగి, నువ్వు చేసే పని మంచిది కాదని మొహం మీదే చెప్పాడు, వెయ్యిమందికొకరు, పదిమందికొకరు అని లెక్కతో సహా. మా అన్న అట్ల ఒక్కసారి చెప్పి ఉంటే ఏడాది మిగిలేది.

అన్న వేసిన ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. "నువ్వు పోకపోతే ఈ ఐదు తండాల్లో ఏ ప్రార్థన కూడిక ఆగుతది?" అన్నీ ఆగుతయన్నాను, కొంచెం గర్వంగానే. ఆ వానాకాలం టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచం పట్టాను. రెండు ఆగాయి, మూడు నడిచాయి. ఒకచోట ఐదో తరగతి చదివిన అక్క వాక్యం చదివి, లంబాడీల భాష గోర్‌బోలీలో ప్రార్థన చేసిందట. నా తెలుగు ప్రసంగానికి కునుకు తీసే ముసలవ్వలు ఆ రోజు చివరిదాకా కూర్చున్నారని విని కడుపులో కాస్త మండింది. తర్వాత నాలుగు నెలల కోచింగ్ అంతా ఆ అక్కకు, ఇంకో ఇద్దరికి కూడికలు అప్పజెప్పడం మీదే సాగింది. అప్పజెప్పాక వెనక చాప మీద నోరు మూసుకుని కూర్చోవడం అంతకన్నా కష్టం. ఇప్పుడు ఆదివారం ఒక్కచోటికే బండి తీస్తున్నా. నడుంనొప్పి తగ్గింది.

కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మూడు నెలల లక్ష్యం రాయమంటారు. పత్తి ఏరుడు అయిపోయాక తండాలో ఎన్నో ఇండ్లకు తాళాలు పడి, జనం పుణె, ముంబై పోతారని ఆ కాగితానికేం తెలుసు? నేను కూడా రెండో ఏడు దాకా చెప్పలేదనుకోండి.

అసలు వెలితి వేరే. నిరుడు మా నాయన పోయిన వారంలోనూ, "ఇప్పుడు నీ ముందు దారులేమున్నయ్?" అని అడిగాడు మా కోచ్ అన్న. ఫోన్ పెట్టేశాను. మల్లేపల్లి దిక్కు నుంచి ఒక ముసలి పాస్టరయ్య బస్సెక్కి వచ్చి, ఏమీ అడగకుండా రెండు దినాలు మాతో ఉండి పోయాడు. అన్న తర్వాత క్షమాపణ అడిగాడు, అది ఆయన మంచితనం.

ఈ ఏడాది కోచింగ్‌ను నెలకోసారికి తగ్గించుకున్నాను. సేవకు కొత్తగా దిగినవాళ్లకు ఇది వద్దంటాను. వాళ్లకు పక్కన నడిచే పెద్ద కావాలి. పదేళ్లు దాటి, అన్నీ నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లు చేరొచ్చు. చేరేముందు సిగ్నల్ దొరికే గుట్ట ఒకటి చూసి పెట్టుకోండి. ఫోన్ మధ్యలో కట్టయితే అదే ప్రశ్న మళ్లీ మొదటినుంచి అడుగుతారు.