గిటార్ మినీ యాంప్ పేరుతో అమ్ముతున్న కరోకే పెట్టెలతో జాగ్రత్త

కోనసీమలోనూ, వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపూ కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ పట్టినవారు, ముఖ్యంగా చర్చి బృందాలలోనూ ఊళ్ల ఆర్కెస్ట్రాలలోనూ వాయించాలనుకునే పిల్లలు, ఇంటి దగ్గర సాధనకు రెండు వేల లోపు దొరికే చిన్న యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటారు. వారికి మొదటి వరుసలోనే కనిపించే ‘రీఛార్జబుల్ గిటార్ యాంప్, 40 వాట్లు’ రకం పెట్టెల గురించి ఈ హెచ్చరిక. మాకు వచ్చినది గిటార్ కోసం తయారైన వస్తువు కాదు. పాటలు వినడానికీ మైకులో పాడుకోవడానికీ చేసిన బ్లూటూత్ పెట్టెకు గిటార్ కేబుల్ పట్టే లావు సాకెట్ ఒకటి బిగించి, పేరు మార్చి అమ్ముతున్నారు.

రాజోలు దగ్గర మా ఊరి యువజన బృందంలో గిటార్ నేర్చుకుంటున్న అబ్బాయి కోసం రూ. 1,850 పెట్టి దాన్ని తెప్పించాము. ప్రకటనలో 40 వాట్లు, ఎనిమిది గంటల బ్యాటరీ, ‘స్టూడియో నాణ్యత’ అని ఉంది. ఫోటోలో పెట్టె పక్కన గిటార్ నిలబెట్టి ఉంది. అట్టపెట్టె విప్పేసరికి చేతికి వచ్చినది అరచేతిలో తేలిపోయేంత తేలికైన ప్లాస్టిక్ డబ్బా. పైన వాల్యూమ్, ఎకో అని రెండు మరలు మాత్రమే ఉన్నాయి. గెయిన్ (గిటార్ సంకేతాన్ని పెంచే మర) లేదు, టోన్ (స్వరపు మెరుపును మార్చే మర) లేదు. సాకెట్ దగ్గర ‘మైక్/గిటార్’ అని ఉంది, ఆ ‘గిటార్’ అనే మాట మాత్రం తరువాత అంటించిన స్టిక్కర్. ఆన్ చేయగానే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో బ్లూటూత్ సిద్ధంగా ఉందని ప్రకటించింది.

గిటార్ తగిలించాక సన్న తీగల మీద ఉండవలసిన మెరుపు ఎక్కడా వినపడలేదు. గిటార్ మీద వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరిచినా పెట్టెను దుప్పటిలో చుట్టినట్టే మోగింది. పెట్టె వాల్యూమ్ సగం దాటిస్తే కార్డులు (కలిపి మీటిన స్వరాలు) పగిలిపోయాయి, అదీ గిటారిస్టులు కావాలని తెచ్చుకునే డిస్టార్షన్ అని సరిపెట్టుకోదగిన పగులు కాదు, కరకరమనే చీలిక. ఛార్జింగ్ పిన్ పెట్టి వాయిస్తే సన్నని కీచుశబ్దం ఒకటి మొదలై, వాల్యూమ్ తగ్గించినా అలాగే ఉండిపోయేది. అన్నిటికంటె విసుగు పుట్టించినది ఇంకొకటి. అబ్బాయి ఒక్కో స్వరం నెమ్మదిగా వెతుక్కుంటూ కాసేపు ఆగితే, ఎవరూ వాడటం లేదనుకుని పెట్టె దానంతటది ఆరిపోయేది. ఆరిపోతున్నానని ఆ ఆడగొంతే మళ్లీ చెప్పేది.

సన్న తీగల మెరుపు పోవడానికి కారణం ఇన్‌పుట్, అంటే గిటార్ సంకేతాన్ని అందుకునే భాగం. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మామూలు పికప్ వేల చుట్ల సన్నని రాగితీగ. దాని నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది. దాన్ని గుంజకుండా అందుకోవాలంటే యాంప్ ఇన్‌పుట్ నిరోధం చాలా ఎక్కువగా, వాడుకలో 10 లక్షల ఓమ్‌లు, అంటే ఒక మెగాఓమ్ దగ్గర ఉండాలి. మైకు కోసం చేసిన ఇన్‌పుట్‌కు అంత అవసరం లేదు గనుక అది కొన్ని వేల ఓమ్‌లతోనే సరిపెట్టుకుంటుంది. పికప్‌ను అలాంటి సాకెట్‌కు తగిలిస్తే శబ్దం తగ్గడమే కాక పై స్వరాల కాంతి ముందుగా చచ్చిపోతుంది. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు: గిటార్‌కూ పెట్టెకూ మధ్య బఫర్ (సంకేతాన్ని బలహీనపడకుండా అందించే సర్క్యూట్) ఉన్న పెడల్ (కాలితో నొక్కే ధ్వని పెట్టె) ఏదైనా పెట్టి వాయించండి. ఒక్కసారిగా స్వరం తేటపడితే లోపం మీ గిటార్‌ది కాదు, పెట్టె ఇన్‌పుట్‌ది. మా బృందంలో ఒకరి దగ్గర ఉన్న పాత పెడల్‌తో మేము చూసినప్పుడు అదే జరిగింది.

ఇక ఆ 40 వాట్ల సంగతి. అమ్మినవారు వాపసు తీసుకోబోమని రాసి పంపిన తరువాతే నాలుగు స్క్రూలు తీసి చూశాము. లోపల మూడంగుళాల స్పీకర్ ఒకటి, 18650 రకం లిథియం సెల్ ఒకటి, చిన్న బోర్డు ఒకటి, మిగిలినదంతా గాలి. సెల్ మీద 9,800 ఎంఏహెచ్ అని ముద్రించి ఉంది. పేరున్న కంపెనీల 18650 సెల్‌లే సాధారణంగా 3,500 ప్రాంతంలో ఆగుతాయి. ఒక సెల్ సాధారణ వోల్టేజీ 3.7. దానితో 40 వాట్లు ఇవ్వాలంటే, మధ్యలో నష్టాలు వదిలేసినా, దాదాపు 11 ఆంపియర్లు లాగాలి. ఆ బోర్డు మీది వెంట్రుకల్లాంటి తీగలు అంత కరెంటుకు కాలిపోతాయి. పూర్తి ఛార్జిలో 4.2 వోల్టులు ఉన్న సెల్ నేరుగా 4 ఓమ్‌ల స్పీకర్‌ను నడిపితే, ఎంత తెలివిగా కట్టిన సర్క్యూట్ అయినా చీలిక లేకుండా ఇవ్వగలిగేది సుమారు 2 వాట్లే. సెల్ నిజ సామర్థ్యం 2,000 ఎంఏహెచ్ అనుకుంటే అందులో ఉండే శక్తి 7.4 వాట్-గంటలు, నిజంగా 40 వాట్లు ఎడతెగకుండా ఇచ్చినా పది పదకొండు నిమిషాలలో అయిపోవాలి. ఎనిమిది గంటలు, 40 వాట్లు అనే రెండు మాటలూ ఒకే పెట్టె మీద ఉన్నాయంటే కనీసం ఒకటి అబద్ధం. మా పెట్టె మీద రెండూ అబద్ధాలే.

దీనికి పక్కన నిజాయితీగా రాసిన అంకెలు పెట్టి చూడండి. చేతిలో పట్టే మార్షల్ ఎంఎస్-2 మీద 1 వాట్ అని ఉంటుంది. ఆరు చిన్న బ్యాటరీలు పట్టే బ్లాక్‌స్టార్ ఫ్లై 3 మీద 3 వాట్లు, ఐదంగుళాల స్పీకర్ ఉన్న రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ మీద కూడా 3 వాట్లు, బాస్ కటానా మినీ మీద 7 వాట్లు. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఎన్నో బుల్లి యాంప్‌లలో ఉండే ఎల్‌ఎం386 చిప్ 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఇచ్చేది 0.7 వాట్ మాత్రమే. ఊరూ పేరూ లేని రెండు వేల రూపాయల డబ్బా వీటన్నిటినీ దాటి 40 అంటే అది క్షణకాలపు గరిష్ఠాన్ని పెంచి చూపే పీఎంపీఓ లెక్క అయినా కావాలి, ఊరికే అచ్చువేసిన అంకె అయినా కావాలి. ఎడతెగకుండా ఇవ్వగల శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు అని రాయని అంకెను లేనట్టే భావించండి. నిజానికి గదిలో సాధనకు ఒకటి రెండు వాట్లు చాలు. శబ్దం చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి గనుక, నిజమైన 4 వాట్లకూ నిజమైన 40 వాట్లకూ మధ్య తేడా కూడా చాలామంది ఊహించుకునేంత ఉండదు. అన్నట్టు, గిటార్‌లో అన్నిటికంటె లావు తీగ స్వరం 82 హెర్ట్జ్. మూడంగుళాల స్పీకర్ దాన్ని బలంగా పలికించలేదు, మంచి కంపెనీదైనా సరే. ఆ లోటును తప్పుపట్టడం లేదు.

ఐదు నక్షత్రాల అభిప్రాయాలను చూసి ధైర్యపడకండి. ఈ పెట్టెకు నాలుగుకు పైనే సగటు ఉంది. ఓపికగా చదివితే చాలావరకు ‘పాటలు బాగా వినిపిస్తున్నాయి’, ‘డెలివరీ త్వరగా వచ్చింది’ అనేవే. పాటల పెట్టెగా అది నిజంగానే పరవాలేదు. అభిప్రాయాలలో గిటార్ అనే మాటను వెతికి, ఆ మాట ఉన్నవి మాత్రమే చదవండి. వీడియో ఉంటే శబ్దం గదిలోంచి వస్తున్నదా, తరువాత అతికించిన రికార్డింగా అన్నది గమనించండి: తీగ మీటే చప్పుడు కూడా వినపడకపోతే అనుమానించవలసిందే.

వాపసు విషయంలో అమ్మినవారు చెప్పిన సమాధానం, శబ్దం వస్తోంది గనుక వస్తువులో లోపం లేదని. మార్చి ఇచ్చిన రెండవ పెట్టె కూడా మొదటిదాని కవలే. ఇక్కడ కొనుగోలుదారులు తెలుసుకోవలసిన నిబంధన ఒకటి ఉంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు వాపసు నిరాకరించకూడదు. అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. ‘బాగా లేదు’ అని కాక, ‘40 వాట్లు అని ప్రకటించారు, ఒక సెల్‌తో అది అసాధ్యం, గిటార్ యాంప్ అన్నారు, ఇది మైక్ ఇన్‌పుట్’ అని లెక్కతో రాసి, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915లో తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేసిన తరువాత డబ్బు వచ్చింది, డెలివరీ ఛార్జీ మినహాయించుకుని. అక్కడా తేలకపోతే 2019 చట్టం కింద కొన్నవారు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా.

కొనబోయేవారు వీలైతే సొంత గిటార్, సొంత కేబుల్ తీసుకుని రాజమండ్రికో, కాకినాడకో, భీమవరానికో వెళ్లి వాద్యాల దుకాణంలో వాయించి కొనడం మేలు. బస్సు ఛార్జీ పోయినా చెవి సాక్ష్యం దక్కుతుంది. ముందు సన్న తీగలు, తరువాత లావు తీగలు, ఆ పైన పూర్తి కార్డు వాయించి, ఛార్జర్ పెట్టి మళ్లీ వాయించి, తీగల మీద అరచేయి ఆనించి మిగిలిన రొదను వినండి. ఇయర్‌ఫోన్ సాకెట్ ఉందా అన్నది తప్పక చూడండి, రాత్రిపూట సాధన దానితోనే. ఆన్‌లైన్‌లోనే కొనవలసి వస్తే గెయిన్, టోన్ మరలు లేనిది, ఎకో ఉన్నది పక్కన పెట్టండి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర లేకపోతే తీసుకోకండి. లిథియం బ్యాటరీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. ‘ఆర్-’తో మొదలయ్యే ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. మా పెట్టె మీద ఇవేవీ లేవు. ‘బ్లూటూత్ స్పీకర్‌కే గిటార్ కలుపుకోండి’ అనే సలహా కూడా వినకండి. మీటిన స్వరం బ్లూటూత్ మీదుగా సెకనులో పదో వంతో ఐదో వంతో ఆలస్యంగా వినపడితే తాళం నిలవదు.

9 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది కొంటే పెట్టె మీది గుర్తు చూసి మరీ పిన్ పెట్టండి. గిటార్ పెడల్‌లలో మధ్య పిన్ నెగటివ్ ఉండటం వాడుక, ఇంట్లో రౌటర్ అడాప్టర్‌లో సాధారణంగా పాజిటివ్. తారుమారైతే బోర్డు పోవచ్చు. మన డెల్టా గాలిలోని తేమకు, అందులోనూ అంతర్వేది వైపు ఉప్పుగాలికి, బ్యాటరీ స్ప్రింగులూ సాకెట్ రేకులూ త్వరగా పచ్చబారతాయి గనుక వాడని రోజుల్లో బ్యాటరీలు తీసి ఉంచండి. సెల్ ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకండి.

ఇప్పటికే కొన్నవారు ప్రకటన పేజీని, వాట్లు, గంటలు, ఫోటోలు అన్నీ కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో కలిపి దాచండి. మా ఫిర్యాదు నడుస్తుండగానే ఆ పేజీ మాయమైంది. ఇప్పుడు అదే ఫోటో, అదే గిటార్, వేరే బ్రాండ్ పేరుతో 60 వాట్లని అమ్ముతున్నారు.