క్షురకుడికి లూథరు రాసిన ఉత్తరం: ఏడేళ్ళ వాడకం తర్వాత

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, అంటే పదహారో శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథరు బాటలో నడిచే క్రైస్తవులం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన సంఘాల్లోని మనుషులం. సంఘంలో పూర్తి సభ్యత్వానికి ముందు పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులో లూథరు చిన్న కాటెకిజం, అంటే ప్రశ్నలూ జవాబులుగా ఉండే విశ్వాస పాఠం, బట్టీ పట్టాను. అయినా ప్రార్థన గురించి ఆయన ప్రత్యేకంగా రాసింది ఒకటుందని నలభై దాటాక గానీ తెలియలేదు.

నా ఇబ్బంది చిన్నదే. నాకు మాటలు రావు. ప్రార్థన కూడికలో ఎవరైనా "బ్రదర్, మీరు ప్రార్థించండి" అంటే టెన్షన్. ఇంట్లో అయితే రెండు నిమిషాల్లో అయిపోయేది: పిల్లలు, ఉద్యోగం, అమ్మ బీపీ, ఆమెన్.

జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో లూథరుకు గడ్డం గీసే పీటర్ కూడా అదే అడిగాడు, ప్రార్థన ఎలా చేయాలని. జవాబుగా 1535లో లూథరు ఒక ఉత్తరం రాసి అచ్చు వేయించాడు. ఒక పూటలో చదివేయొచ్చు. నేను చదివింది ఇంగ్లీషులో. వేదాంత పండితుడు రాశాడంటే నమ్మబుద్ధి కాదు. తనకూ ప్రార్థన మీద మనసు చల్లబడుతుందని మొదట్లోనే ఒప్పుకుంటాడు. "ఈ పని ముగించి ఇంకో గంటలో చేద్దాం" అనే ఆలోచనను నమ్మొద్దంటాడు. నాకైతే ఆ గంట పేరు సెల్‌ఫోన్. దృష్టి నిలపడం గురించి చెప్పేటప్పుడు పీటర్ పనినే తీసుకుంటాడు: దిక్కులు చూస్తూ కబుర్లు చెబుతూ గీస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది.

పద్ధతి ఇదీ. సొంత మాటలతో మొదలుపెట్టనక్కరలేదు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనో బైబిల్లోని పది ఆజ్ఞల్లో ఒకటో తీసుకుని, దాన్ని నాలుగు పేటల దండలా అల్లాలి: ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి. నేను ఒక నోటు పుస్తకం పెట్టుకుని పేజీకొక ఆజ్ఞ రాసుకున్నాను. రెండో వారంలో "దొంగిలకూడదు" వచ్చింది. మొదటి రెండు పేటలూ హాయిగా సాగాయి. మూడో పేట దగ్గర, ఆఫీసు టూరు బిల్లులో నూట ఇరవై ఆటో చార్జీని రెండు వందలని వేసిన సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు నాలుగో పేట దాకా పోలేదు. మర్నాడు అకౌంట్స్‌కి వెళ్తే ఎనభై రూపాయలు వెనక్కి తీసుకోవడానికి వాళ్ళ దగ్గర ఫారమే లేదు. ఆ గుమాస్తా నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఇంకో చోట మన బైబిలు అనువాదమే దెబ్బ కొట్టింది. పరలోక ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని చిన్నప్పటి నుంచీ గడగడా అప్పజెప్పినవాణ్ణే. దగ్గరి బంధువు ఒకరు నలభై వేలు తీసుకుని మొహం చాటేసిన ఏడాది, ఆ వాక్యం దగ్గర నెల రోజులు ఆగిపోయాను. ఋణస్థులంటే పాపులే అని సర్దిచెప్పుకోబోయాను, కుదరలేదు.

అప్పుడే జర్మన్ లూథరన్ పాస్టర్ బోన్‌హోఫర్ 1937లో శిష్యత్వం మీద తెచ్చిన పుస్తకం పట్టుకున్నాను. మొదటి అధ్యాయం మా లూథరన్లకే చురక. కృపను సంతలో చవక సరుకు చేసేశాం, మారకుండానే క్షమాపణ పంచుతున్నాం అంటాడు. లూథరు తాను సన్యాసిగా ఉన్న మఠం వదిలింది శిష్యత్వాన్ని తగ్గించుకోవడానికి కాదు, దాన్ని వీధిలోకి తేవడానికి అని ఆయన వాదన. గొప్ప పుస్తకమే గానీ రోజూ చదివేది కాదు. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి సగం పేజీలు మా సంఘంలోని వేరేవాళ్ళ కోసం రాసినట్టు అనిపించాయి, గీతలు కూడా గీశాను. ఇప్పుడు ఆ గీతలు చూస్తే సిగ్గేస్తుంది. దానికంటే పాస్టర్లను తయారుచేసే ఫింకెన్‌వాల్డే సెమినరీలో ఆయన పెట్టిన ఒక నియమం ఎక్కువ పనికొచ్చింది: ఎదురుగా లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు. నేనూ మొదలుపెట్టాను. మొదటి రోజు మధ్యాహ్న భోజనం దాకా ఆగింది.

లూథరు ఉత్తరంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రార్థనల మధ్యలో పోపు మీదా తురుష్కుల మీదా విరుచుకుపడతాడు. నేను ఆ వాక్యాలు వదిలేస్తాను. 1543లో యూదుల మీద ఆయన ద్వేషంతో రాసింది చదివాక కొన్ని నెలలు ఈ ఉత్తరం కూడా ముట్టుకోలేకపోయాను. ఇక నాలుగు పేటలు రోజూ అల్లితే స్కూలు హోంవర్కులా తయారవుతుంది. నిజానికి తన మాటలే వల్లించమని ఆయన ఎక్కడా అనలేదు, మనసు ఒక్క ఆలోచన దగ్గర నిలిస్తే మిగతావి వదిలేయమంటాడు. అది నాకు మూడో ఏట గానీ ఎక్కలేదు. అమ్మ ఐసీయూలో ఉన్న పదకొండు రోజులూ ఏ పేటా అల్లలేదు. "మా తండ్రీ" అని ఆగిపోయేవాణ్ణి.

కూడికల్లో నాకు ఇప్పటికీ మాటలు రావు, ఆ పని దీనివల్ల కాలేదు. మీకు కావాల్సింది అదే అయితే వేరేది చూసుకోండి.

పీటర్ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఉత్తరం అచ్చయిన ఏడాదే, ఈస్టర్ రోజుల్లో, తాగిన మైకంలో సొంత అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. లూథరు, ఇతరులు బతిమాలితే ప్రాణం దక్కింది గానీ ఆస్తి పోయింది, ఊరి నుంచి వెళ్ళగొట్టారు. నా నోటు పుస్తకంలో ఐదో ఆజ్ఞ, మా లూథరన్ల లెక్కలో "నరహత్య చేయకూడదు" అనేది, ఉన్న పేజీ పైన పీటర్ అని పెన్సిల్‌తో రాసుకున్నాను.