కుడిచేతి బొటనవేలు: కీమో రాత్రుల్లో యోగనిద్రతో 14 నెలలు

యోగనిద్ర అంటే పడుకుని, వినిపించే గొంతు చెప్పినట్టు ఒంట్లో ఒక్కో భాగం మీదికి మనసు పోనివ్వడం. ఆ ఆడియో ఒక్కసారి విన్నా ఈ వరస గుర్తుండిపోతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు, అరచేయి, మణికట్టు. పేరు వినగానే మనసు ఆ చోటికి వెళ్లి, వెంటనే పక్కదానికి జరిగిపోవాలి. రొమ్ము క్యాన్సర్ చికిత్స సాగిన 14 నెలల్లో నిద్ర కోసం ఎన్నో చేసి చూశాను. ఈ రోజుకీ చేస్తున్నది ఇదొక్కటే. మధ్యలో మూడు నెలలు దీని పేరెత్తితేనే భయపడ్డాను. ఎలా చేయాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి అది వదిలేసి, నాకు జరిగింది చెబుతాను.

ముందు నచ్చింది ఆ బొటనవేలే. రాత్రి రెండు గంటలకు "శ్వాసను గమనించండి" అని ఎవరైనా చెబితే నాకు టెన్షన్ పెరిగేది. ఊపిరి సరిగా ఆడుతోందా, గుండె ఎందుకింత వేగంగా కొట్టుకుంటోంది అని వెతుక్కునేదాన్ని. మొదటి నాలుగు కీమోల్లో ఇచ్చిన డాక్సోరూబిసిన్ అనే మందు గుండె మీద ప్రభావం చూపగలదని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు మరి. బొటనవేలి గురించి భయపడటానికి ఏముంటుంది? అక్కడ మొదలవడం వల్లే నేను లోపలికి వెళ్లగలిగాను. ఇప్పుడు మనం వింటున్న ఈ క్రమాన్ని తీర్చిదిద్దింది బీహార్ స్కూల్ ఆఫ్ యోగా స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి. మంత్రం చెబుతూ వేళ్లను, అవయవాలను తాకే న్యాసమే దీనికి మూలం.

ఇంకో మాట కూడా నాకు చాలా మేలు చేసింది. "నిద్రపోవద్దు, మేలుకుని వినండి" అని ఆడియోలో పదేపదే చెబుతారు. నిద్రపోవాలి, రేపు ఓపిక కావాలి, నిద్రపోకపోతే రక్తకణాల కౌంట్స్ ఏమవుతాయో అని గడియారం చూసే మనిషికి ఆ మాట ఎంత ఊరటో చెప్పలేను. ఇక్కడ నిద్రపోకపోయినా నేను తప్పు చేసినట్టు కాదు.

రెండో కీమో అయ్యాక నాలుగో రాత్రి మొదటిసారి విన్నాను. ఆరు గంటలు నిద్రపోయాను. మరుసటి సైకిల్‌కి (తర్వాతి విడత కీమోకి) వెళ్లినప్పుడు పక్క మంచాల వాళ్లందరికీ ఆ ఆడియో పంపించాను. మందుల్లా పనిచేస్తుందని చెప్పాను. తర్వాత నా డైరీ తిరగేస్తే, మొదటి సైకిల్‌లో ఏ ఆడియో లేకుండానే నాలుగో రాత్రి నిద్ర పట్టినట్టు రాసి ఉంది. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కీమో రోజు, ఆ తర్వాత మూడు రోజులు వేసుకునేదాన్ని. అది నిద్రను చెడగొడుతుంది. మాత్రలు ఆగగానే నిద్ర దానంతటదే వచ్చేది. ఆ సంగతి తెలియక రోజుకు రెండు మాత్రల్లో ఒకటి రాత్రి భోజనం తర్వాత వేసుకుంటున్నాను. మూడో సైకిల్‌లో సిస్టర్ అడిగి తెలుసుకుని, "రెండోది కూడా మధ్యాహ్నంలోపే వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండమ్మా" అన్నారు. అడిగి మార్చుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ నాలుగు సైకిళ్లలో నా నిద్రకు ఎక్కువ మేలు చేసింది ఆ టైం మార్పే. యోగనిద్ర చేసింది వేరే పని. నిద్ర రాని గంటల్లో భయాన్ని తగ్గించింది. నేను ఆడియో పంపిన వాళ్లకు ఆ తేడా చెప్పి ఉండాల్సింది.

తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు, మొత్తం 12 సార్లు. ఏడెనిమిది వారాలకు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. "కుడిచేతి బొటనవేలు" అనగానే అక్కడ మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. అయినా మానలేదు. వేళ్లు త్వరగా దాటేసి మణికట్టు దగ్గర నిలదొక్కుకునేదాన్ని.

అసలు దెబ్బ ఆపరేషన్ తర్వాత తగిలింది. కుడి రొమ్ము తీసేశారు, చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. ఇంటికి వచ్చిన మూడో రాత్రి అది. పక్కనే డ్రెయిన్ గొట్టం, కుడిచేతి కింద దిండు, వెల్లకిలా తప్ప పడుకోవడానికి లేదు. ఆడియో పెట్టుకున్నాను. చంక దగ్గర మనసు కాస్త తడబడింది. చేయి లోపలివైపు మొద్దుబారిపోయి ఉంది. సరే, దాటింది. ఎడమవైపు అయింది, వీపు అయింది, నుదురు, కనుబొమలు, గొంతు అయ్యాయి. ఆ తర్వాత, "ఛాతీ కుడివైపు."

అప్పటికి ఆ మాట వందసార్లకు పైగా విని ఉంటాను. ఎప్పుడూ అక్కడ ఆగలేదు. ఆ రాత్రి మనసు అలవాటు చొప్పున వెళ్లింది. వెళ్లేసరికి రొమ్ము అక్కడే ఉంది. బరువుగా, మామూలుగా ఉంది. ఎడమచెయ్యి వేసి చూసుకున్నాను. చేతికి కట్టు తగిలింది. ఆడియోలో గొంతు "ఛాతీ ఎడమవైపు, ఛాతీ మధ్యభాగం, నాభి" అంటూ ముందుకు పోతోంది. నేను అక్కడే ఉండిపోయాను. ఆపరేషన్ ముందు రోజు కూడా అంత ఏడవలేదు. పక్కగదిలోంచి మా అమ్మాయి పరుగున వచ్చింది. నొప్పి అనుకుంది, మాత్ర ఇచ్చింది. ఏమైందో చెప్పడానికి నాకు మాటలు రాలేదు.

తీసేసిన భాగం ఇంకా ఉన్నట్టే అనిపించడం ఈ ఆపరేషన్ అయిన చాలామందికి ఉంటుందని తర్వాత డాక్టర్ చెప్పారు. ముందే తెలిసి ఉంటే అంత బెదిరిపోయేదాన్ని కాదు. ఈ ఆడియోలు తయారుచేసేవాళ్లు క్యాన్సర్ రోగులకని పేరు పెట్టేముందు ఆ వరసలో ఏయే భాగాలు పిలుస్తున్నారో ఒక్కసారి ఆలోచించాలని నా విన్నపం.

ఆ రాత్రి తర్వాత మూడు నెలలు ఆడియో పెట్టలేదు. ఆ సమయంలోనే వేరేవి చూశాను. ఆక్యుపంక్చర్ నాలుగుసార్లు చేయించుకున్నాను, హాయిగానే ఉండేది. గ్రంథులు తీసేసిన వైపు కాబట్టి నాకు కుడిచేతికి సూదులు వద్దన్నారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దాని జోలికి వెళ్లకూడదు. తిరగడానికి ఓపిక లేక మానేశాను. నిద్రకు మంచిదని ఎవరో ఇచ్చిన మూలికల మాత్రలు డాక్టర్‌కు చూపిస్తే వద్దన్నారు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక లాంటివి ఇమాటినిబ్, ఇరినోటెకాన్ వంటి క్యాన్సర్ మందుల మోతాదు రక్తంలో తగ్గిపోయేలా చేస్తాయి. సహజమైనది కదా అని వేసుకునే వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

మళ్లీ మొదలుపెట్టించింది మా అమ్మాయి. "నీకు ఇష్టమైన చోటు నుంచి నువ్వే రాయమ్మా, నేను చదువుతాను" అంది. కాగితం మీద ఎడమ మోకాలితో మొదలుపెట్టాను. పిక్క, మడమ, పాదం, తర్వాత కుడికాలు, నడుము, ఎడమచేయి, మెడ, ముఖం. ఛాతీ లేదు, చంక లేదు, వేళ్ల చివర్లు లేవు. తను నెమ్మదిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసింది. పదకొండు నిమిషాలు. చివర్లో గంట లేదు (పాత ఆడియోలో గంట మోగి, పట్టిన నిద్ర కూడా పోయేది). మొదటి రాత్రి ఏమీ జరగలేదు. రెండో వారానికి మోకాలు అనగానే ఒళ్లు వదులయ్యేది. వరస ఏదైనా ఫరవాలేదు, రోజూ అదే వరస ఉండాలని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు మొత్తం నోటికి వచ్చు. ఇప్పుడు వేసుకునే టామోక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వల్ల ఒళ్లంతా ఆవిర్లు వచ్చి అర్ధరాత్రి మెలకువ వస్తే, ఫోన్ వెలుతురు చూడకుండానే మోకాలి దగ్గర మొదలుపెడతాను. వారంలో నాలుగైదు రాత్రులు మళ్లీ నిద్ర పడుతుంది. మిగతా రాత్రులు పట్టదు.

ఇది అందరికీ చెప్పగలనా అంటే, అప్పట్లోలా చెప్పలేను. నాకు నొప్పి మాత్రలతో అదుపులో ఉండేది, ఇంటి పని చూసుకునేవాళ్లు ఉన్నారు. నొప్పి తగ్గనివాళ్లు ముందు దాని సంగతి చూడాలి. నెలల తరబడి నిద్ర లేనివాళ్లు, నిద్రలేమికి ఇచ్చే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స) గురించి కూడా అడగండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో వయోజనుల దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట దాన్నే సూచించింది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, క్యాన్సర్ చికిత్స పూర్తయిన 160 మందికి ఆక్యుపంక్చర్, సీబీటీ ఎనిమిది వారాలు ఇచ్చి పోల్చారు. రెండూ పనిచేశాయి, సీబీటీ ఎక్కువ పనిచేసింది. కాకపోతే సీబీటీలో మంచం మీద గడిపే సమయాన్ని తగ్గిస్తారు. కీమో నీరసంలో నాకది సాధ్యమయ్యేది కాదు.

పాత ఆడియో ఇంకా ఫోన్‌లోనే ఉంది. గత నెల ఒక మధ్యాహ్నం పెట్టాను. బొటనవేలు బాగానే తెలిసింది, తిమ్మిరి చాలావరకు తగ్గింది. భుజం దాకా వెళ్లాను. "చంక" అనకముందే ఆపేశాను.