ట్రేడ్‌మార్క్ సొంతంగా ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చా? రిజిస్ట్రీ వెబ్‌సైట్‌ను కొన్నేళ్లు వాడాక నా అనుభవం

అప్లికేషన్ వేసే వరకు ఏజెంటు లేకుండానే పని అయిపోతుంది. తెలంగాణ ఫైళ్లు చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి గానీ హైదరాబాద్ నుంచి కదలక్కర్లేదు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు అయిన టీఎం-ఏ ఫారానికి ఒక్కో క్లాసుకు (అంటే సరుకు లేదా సేవ రకానికి) 4,500 రూపాయలు. సొంత పేరు మీద వేసేవాళ్లకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థలకే ఈ రేటు, మిగతావాళ్లకు 9,000. ఉద్యమ్ ఉచితమే కాబట్టి ముందు అది తీసుకోండి.

టైం పెట్టాల్సింది సెర్చ్ మీద, అంటే అలాంటి పేరు ముందే ఎవరైనా వేశారా అని వెతకడం మీద. తెలుగు పేరును ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ‘రుచి’నే తీసుకోండి: ఒకరు ‘యు’ వేస్తారు, ఇంకొకరు రెండు ‘ఓ’లు, చివర ఒకరు ‘ఐ’, మరొకరు రెండు ‘ఈ’లు. అన్నీ కొట్టి చూడాలి, ఒకేలా వినిపించే పేర్లను వెతికే ఫొనెటిక్ సెర్చ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. క్లాసు కూడా చూసుకోండి. బిస్కెట్లు ప్యాక్ చేసి అమ్మితే 30, కేఫ్ నడిపితే 43. రెండూ కావాలంటే రెండు ఫీజులు. ఊరి పేరో, సరుకు గుణమో మాత్రమే చెప్పే పేర్లు ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 దగ్గర ఆగిపోతాయి.

ఎప్పటినుంచి వాడుతున్నారు అన్నచోట ఉజ్జాయింపు తేదీ వేయొద్దు. అఫిడవిట్‌తో పాటు పాత బిల్లులు జతచేయాలి. బిల్లు చూపలేని తేదీ తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

ఎక్కువ ఫైళ్లు పాడయ్యేది వేశాకే. స్టేటస్‌లో ‘ఆబ్జెక్టెడ్’ అంటే ఎగ్జామినర్ అభ్యంతరం, రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘అపోజ్డ్’ అంటే మీ అప్లికేషన్ ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో (రిజిస్ట్రీ అధికారిక పత్రికలో) అచ్చయిన 4 నెలల్లోపు బయటివాళ్లు ఎదురు తిరిగారని. వాళ్ల నోటీసు అందిన 2 నెలల్లో కౌంటర్ స్టేట్‌మెంట్ (మీ జవాబు) వేయకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. నోటీసులు మెయిల్‌కే వస్తాయి. ఏజెంటు మెయిల్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే గడువు దాటినా మీకు తెలియదు. వారానికోసారి అప్లికేషన్ నంబరు కొట్టి మీరే స్టేటస్ చూసుకోండి. అపోజిషన్ వస్తే మాత్రం లాయరు దగ్గరికే వెళ్లండి, అక్కడ సొంత వైద్యం పనికిరాదు.

సర్టిఫికెట్ వచ్చేదాకా పేరు పక్కన ‘టీఎం’ గుర్తే వాడాలి, వృత్తంలో ‘ఆర్’ వేయకూడదు.

లోగో విషయంలో చాలామంది పొరబడతారు. బయటి డిజైనర్‌కు డబ్బిచ్చినంత మాత్రాన కాపీరైట్ మీది కాదు. రాతపూర్వకంగా అసైన్‌మెంట్ (హక్కు మీకు బదిలీ చేసే పత్రం) రాయించుకోవాలి. అందులో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. విదేశాలకు పచ్చళ్లు, పొడులు పంపేవాళ్లు ఈ రెండు లైన్లూ ఉన్నాయో లేదో ఇప్పుడే తీసి చూసుకోండి.