పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకం: పింఛను లేని ఇంటికి ఎంతవరకు ఆసరా?

ప్రైవేటు ఉద్యోగం చేసి విరమించిన మా వంటివారికి నెలనెలా పింఛను రాదు కనుక, చేతికందిన సొమ్మును అసలు కరగకుండా వాడుకోవడానికి నేను ఈ పథకాన్ని ఎంచుకున్నాను. 60 ఏళ్లు నిండినవారు గరిష్ఠంగా 30 లక్షల రూపాయల వరకు జమ చేయవచ్చు. 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగిన వడ్డీ, ఖాతా తెరిచిన నాటి రేటు ప్రకారమే అయిదేళ్లూ కొనసాగుతుంది. 15 లక్షలు వేస్తే మూడు నెలలకు 30,750 రూపాయలు వస్తాయి.

చిక్కు అక్కడే ఉంది. పాలు, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు నెలనెలా డబ్బు అడుగుతాయి. వడ్డీ మాత్రం ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లోనే జమ అవుతుంది. అందుకే మా ఆవిడ ఆ మొత్తాన్ని మూడు భాగాలు చేసి, నెలకు 10,000 చొప్పున ఖర్చుకు తీసి, మిగిలిన 750 పండగలకు పక్కన పెడుతుంది. తీసుకోకుండా వదిలేసిన వడ్డీపై మళ్లీ వడ్డీ రాదన్నది చాలామంది గమనించని సంగతి.

ఏడాదిలోపు ఖాతా మూసేస్తే అప్పటికి ఇచ్చిన వడ్డీని అసలులోంచి మినహాయిస్తారు. రెండేళ్లలోపయితే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోత పడుతుంది. కాబట్టి ఆసుపత్రి అవసరాలకు కొంత సొమ్మును సేవింగ్స్ ఖాతాలో ఉంచుకున్నాకే ఇందులో వేయాలి. వడ్డీ ఆదాయపు పన్ను పరిధిలోకి రావడం నాకు నచ్చని అంశం.