లింక్డ్‌ఇన్ రివ్యూ: జాబ్స్ బటన్ వదిలేసి మీ కాలేజీ పేజీ తెరవండి

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. ఏ కొట్టు ఎవరిది, మాట మీద నిలబడే వ్యాపారి ఎవరు, ఎవరి దగ్గర డబ్బు ఆలస్యమవుతుంది, అన్నీ ఆయనకి నోటికి వచ్చు. అదే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏదో ఒక కంపెనీలో "మా అమ్మాయి రెజ్యూమె ఒకసారి చూడండి" అని అడుగుదామంటే మా చుట్టాల్లో కూడా ఒక్క మనిషి లేడు. ఇంజనీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) అయిపోయింది, చిప్ డిజైన్ వైపు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. ఉద్యోగాలకీ, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ పరిచయాలకీ వాడే లింక్డ్‌ఇన్ సైట్‌ని ఈ రెండేళ్ళూ బాగా వాడాను, అందుకే నాలాంటి ఇళ్ళ నుంచి వచ్చే జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను.

థర్డ్ ఇయర్‌లో అందరితో పాటు ఖాతా తెరిచాను. మొదటి ఆరు నెలలూ వృథా. క్లాసులో వాళ్ళం మాలో మేమే కనెక్ట్ అయిపోయి ఎవరికి ఐదు వందల కనెక్షన్లు దాటాయో చూసుకునేవాళ్ళం, రాత్రిళ్ళు కూర్చుని ఈజీ అప్లై బటన్ వరసగా ఇరవై ముప్పై ఉద్యోగాలకి నొక్కేదాన్ని. ఒక్క ఫోన్ కూడా రాలేదు. నాకు అంత తేలిగ్గా నొక్కడం కుదిరిందంటే మిగతా వేల మందికీ అంతే తేలిక కదా, నా రెజ్యూమె ఏ మూలన పడి ఉంటుందో అర్థమవడానికి చాలా టైమ్ పట్టింది.

అసలు పనికొచ్చేది కాలేజీ పేజీలో ఉంది. వెతికే చోట మీ కాలేజీ పేరు కొట్టి, ఆ పేజీలో అలుమ్నై అనే దాన్ని నొక్కండి. మీ కాలేజీలో చదివినవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ కంపెనీలో, ఏ పని చేస్తున్నారు, ఏ బ్రాంచి అన్నీ విడివిడిగా చూపిస్తుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. నేను అక్కడ వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్ రంగాన్ని అలా అంటారు) అని కొట్టాను. మా కాలేజీ వాళ్ళు నలభై మందికి పైగా వచ్చారు! ఈసీఈ చదివితే చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోవాలని నాలుగేళ్ళు విన్న దాన్ని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పదకొండు మందికి రిక్వెస్ట్ పంపితే ఐదుగురు ఒప్పుకున్నారు, ముగ్గురు మాట్లాడారు. అంతకు ముందు "జాబ్ ఉంటే చెప్పండి అన్నా" అని పంపినవాటికి మాత్రం ఒక్కరు కూడా జవాబివ్వలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ముక్కూమొహం తెలియని పిల్ల ఒకేసారి ఉద్యోగం అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఈసారి నేను ఏ బ్యాచ్, ఏం నేర్చుకుంటున్నాను రాసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "వెరిఫికేషన్ వైపు రావాలంటే ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఎలాంటిది చేయాలి?" వెరిఫికేషన్ అంటే చిప్ తయారీకి ముందే దాని డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించడం. ఉచిత ఖాతాలో రిక్వెస్ట్‌తో పాటు రాసే నోట్లు నెలకి కొన్నే దొరుకుతాయి, అవీ చిన్నవే, కాబట్టి వాటిని నిజంగా మాట్లాడాలనుకున్నవాళ్ళకే దాచుకోండి.

జవాబిచ్చిన ముగ్గురిలో ఒకావిడ మాకంటే ఆరేళ్ళు సీనియర్. మేడమ్ అని రాస్తే "మన కాలేజీయే కదమ్మా, అక్కా అను" అన్నారు. డబ్బులిచ్చి తెచ్చుకునే ప్రాజెక్ట్ వద్దని, ఒక చిన్న ఫిఫో డిజైన్ (ముందు వచ్చిన డేటాని ముందు బయటికి పంపే సర్క్యూట్) తీసుకుని, దానికి చిప్‌ల కోసం వాడే సిస్టమ్‌వెరిలాగ్ భాషలో టెస్ట్‌బెంచ్, అంటే దాన్ని పరీక్షించే కోడ్, సొంతంగా రాయమని చెప్పారు. ఈడీఏ ప్లేగ్రౌండ్ అనే సైట్లో ఖర్చు లేకుండా రన్ చేసుకోవచ్చన్న సంగతి కూడా ఆవిడ చెప్తేనే తెలిసింది. రెండు నెలలు పట్టింది. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్లో పెట్టి పంపితే తప్పులు చూపించారు, దిద్ది మళ్ళీ పంపాను. సంక్రాంతికి అక్క తెనాలి వచ్చినప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక టిఫిన్ హోటల్లో కలిశాం, అమ్మ కూడా వచ్చింది, అక్క పెన్ను తీసి నా రెజ్యూమెలో సగం కొట్టేశారు. తర్వాత వాళ్ళ కంపెనీలో ఇంటర్న్‌లను తీసుకుంటుంటే నేను అడగకుండానే రిఫర్ చేశారు. రిఫర్ చేస్తే ఉద్యోగం వచ్చినట్టు కాదు, మన కాగితం ఒక మనిషి కంట పడుతుంది, అంతే. పరీక్షా రెండు ఇంటర్వ్యూలూ నేనే దాటాలి, వాటిలో ఆ ఫిఫో గురించే అరగంట అడిగారు.

2022లో 'సైన్స్' అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. లింక్డ్‌ఇన్‌లోనే ఐదేళ్ళ పాటు 2 కోట్ల మందికి పైగా మీద జరిగింది. కొత్త ఉద్యోగానికి బాగా దగ్గరివాళ్ళ కంటే కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్ళే ఎక్కువ సాయపడుతున్నారని తేలింది. నా విషయంలో అచ్చం అదే జరిగింది. మా క్లాసు వాళ్ళకి తెలిసిన కంపెనీలన్నీ నాకూ తెలుసు, అక్కకి తెలిసినవి వేరు.

జాగ్రత్త ఒకటి. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ నుంచి నాకూ, మా క్లాసులో ఇద్దరికీ మెసేజ్ వచ్చింది, ఫోన్లో రెండు ప్రశ్నలడిగి సెలెక్ట్ అయ్యారన్నారు, రిజిస్ట్రేషన్‌కి 4,500 కట్టమన్నారు. నేను అక్కని అడిగి ఆగిపోయాను. వాళ్ళిద్దరూ కట్టారు, ఆ తర్వాత ఆ నంబర్ పనిచేయలేదు. ఇంటర్వ్యూకి డబ్బు అడిగితే అది కంపెనీ కాదు. పొరపాటున కట్టేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం ఖాతా స్టూడెంట్స్‌కి అవసరం లేదు. ఫీడ్‌లో సర్టిఫికెట్ల పోస్టులు చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు, నేను చూడటం మానేశాను. అమ్మాయిల ఫొటో అందరికీ కనిపిస్తుందని ఇంట్లో భయపడితే కనెక్షన్లకి మాత్రమే కనిపించేలా సెట్టింగ్ ఉంది, మా నాన్నకి అది చూపించాకే ఒప్పుకున్నారు.

నా రేటింగ్ 5కి 4. సెకండ్ ఇయర్‌లోనే మొదలుపెట్టండి, ఫైనల్ ఇయర్‌లో తొందర ఎక్కువ, మనకి సాయం చేద్దామన్నా సీనియర్లకీ టైమ్ ఉండదు. ఈసీఈ వాళ్ళకి వెరిఫికేషన్ గురించి ఏమైనా డౌట్ ఉంటే కింద అడగండి, ఆదివారం కూర్చుని అందరికీ రాస్తాను.